కేయాస్ ఆర్బ్: వాడితే మాయమయ్యే డబ్బు

'పాత్ ఆఫ్ ఎగ్జైల్' ఆటలో రాక్షసుడు కూలినప్పుడు నేలమీద రాలే వస్తువుల్లో ఒక చిన్న గుండు ఉంటుంది. పేరు కేయాస్ ఆర్బ్. సంచిలో దానికి ఒక్క గడి చోటు చాలు. కర్సర్ దాని మీద పెడితే కనిపించే వివరణ కూడా చిన్నదే: రేర్ వస్తువు మీద దీన్ని వాడితే ఆ వస్తువుకున్న గుణాలు చెరిగిపోయి కొత్తవి వస్తాయి. ఏవి వస్తాయో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకసారి వాడాక ఆర్బ్ మిగలదు. దాని ఖరీదు ఇంత అని ఆట ఎక్కడా చెప్పదు. అయినా 2013లో ఆట విడుదలైనప్పటి నుంచి బూట్లు, ఉంగరాలు, కవచాలు, విల్లులు ఏవి అమ్మాలన్నా కొనాలన్నా ఆటగాళ్ళు ముందు అడిగే మాట "ఎన్ని కేయాస్?" అనే.

ఆటలో డబ్బు పెట్టడం సులువు. పెట్టిన డబ్బుకు పదేళ్ళ తరవాత కూడా విలువ మిగిలేలా చెయ్యడం చాలా కష్టం. ఈ గుండును చేసినవాళ్ళు ఆ కష్టమైన పనిని ఎంత నేర్పుగా చేశారో తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. ఆ నేర్పు ఎక్కడెక్కడ దాగి ఉందో విప్పి చూపించడానికే ఈ వ్యాసం.

ఇలాంటి ఆటలు ఆడని పాఠకుల కోసం కాస్త వెనక నుంచి మొదలుపెడతాను. రోల్ ప్లేయింగ్ ఆటల్లో మనం ఒక పాత్ర అవుతాం. యోధుడో, మంత్రగత్తెయో, విలుకాడో. ఆ పాత్రకు ఆయుధం, శిరస్త్రాణం, కవచం, చేతి తొడుగులు, బూట్లు, ఉంగరాలు కావాలి. అవి రాక్షసులను చంపితే దొరుకుతాయి. కానీ మనకు కావలసినవే దొరుకుతాయన్న పూచీ లేదు. మంత్రగత్తెగా ఆడుతున్నవారికి గొప్ప విల్లు దొరుకుతుంది, విలుకాడిగా ఆడుతున్నవారికి గొప్ప మంత్రదండం దొరుకుతుంది. ఇద్దరూ ఒకరికొకరు తారసపడితే మార్చుకోవచ్చు. తారసపడకపోతే? అందరూ పుచ్చుకునే మధ్యవస్తువు ఒకటి ఉండాలి.

చాలా ఆటలు దీనికి బంగారు నాణేలు పెడతాయి. చచ్చిన ప్రతి రాక్షసుడూ నాణేలు రాలుస్తాడు. లక్షలమంది రాత్రింబవళ్ళు రాక్షసులను చంపుతూ ఉంటే నాణేలు పుడుతూనే ఉంటాయి. అవి బయటికి పోవడానికి మరమ్మతు ఖర్చులాంటి చిన్న చిన్న దారులే ఉంటాయి. రావడం వరదలా, పోవడం బొట్టుబొట్టుగా ఉన్నప్పుడు ఆ నాణేనికి విలువ నిలవదు. 2000లో వచ్చిన 'డయాబ్లో 2' ఆటలో సరిగ్గా ఇదే జరిగింది. పైగా ఆ ఆటలో పాత్ర మోయగలిగే బంగారానికి పరిమితి ఉండేది, పాత్ర చనిపోతే అందులో కొంత పోయేది. అలాంటి బంగారంతో ఎవరు బేరం చేస్తారు? ఆటగాళ్ళే వెతుక్కుని వేరే డబ్బును ఎంచుకున్నారు. అది 'స్టోన్ ఆఫ్ జోర్డాన్' అనే ఉంగరం. అన్ని విద్యలకూ ఒక్కో మెట్టు పెంచుతుంది కాబట్టి అది ఎవరికైనా పనికొస్తుంది. సంచిలో ఒక్క గడిలో ఇమిడిపోతుంది. ఒక ఉంగరానికీ ఇంకొక ఉంగరానికీ తేడా ఉండదు. డబ్బుకు ఉండాల్సిన లక్షణాలు దాదాపు అన్నీ ఉన్నాయి.

దాదాపు అన్నానే, ఒకటి తక్కువైంది. ఆ ఉంగరం ఎప్పటికీ అరగదు. వేలికి పెట్టుకున్నా అలాగే ఉంటుంది, పెట్టెలో దాచినా అలాగే ఉంటుంది. దానికి తోడు ఆట లోపాలను పట్టుకుని దొంగ నకళ్ళు తీసేవాళ్ళు బయల్దేరారు. ఉంగరాలు కుప్పలుగా పేరుకున్నాయి. 2003లో వచ్చిన 1.10 మార్పుతో తయారీదారులు ఒక ఉపాయం చేశారు. ఆటగాళ్ళు ఆ ఉంగరాలను ఆటలోని దుకాణదారులకు అమ్మేస్తూ పోతే, ఎన్ని అమ్ముడయ్యాయో సర్వర్‌లో అందరికీ ప్రకటన వస్తుంది. చాలినన్ని అమ్ముడయ్యాక మహాశక్తిమంతుడైన డయాబ్లో వచ్చి పడతాడు. వాణ్ణి ఓడిస్తే ఒక అపురూపమైన తాయెత్తు దక్కుతుంది. ఉంగరాలను నాశనం చేయించడానికి ఇంత ఆశ చూపాల్సి వచ్చింది. మంచి ఉపాయమే. కానీ వరద వచ్చాక కట్టిన గట్టు అది.

పాత్ ఆఫ్ ఎగ్జైల్‌ను చేసిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 2006లో పుట్టిన సంస్థ. క్రిస్ విల్సన్, జోనథన్ రోజర్స్, ఎరిక్ ఒలోఫ్సన్ వంటివారు స్థాపకులు. డయాబ్లో 2ను ప్రాణంగా ఆడినవాళ్ళు. అందులో డబ్బు ఎలా పుట్టిందో, ఎలా చెడిందో దగ్గరగా చూసినవాళ్ళు. తమ ఆటలో వాళ్ళు చేసిన మొదటి పని బంగారాన్ని పూర్తిగా తీసెయ్యడం. అప్పట్లో నాణెం అన్నదే లేదు. దుకాణదారుకు కత్తి అమ్మితే చేతిలో పడేవి నాణేలు కావు, కాగితపు చుట్టల చింపులూ ఆర్బుల ముక్కలూ. అలాంటి ముక్కలు 20 పోగుచేస్తే ఒక ఆర్బ్ అవుతుంది. నాణేల స్థానంలో వాళ్ళు పెట్టినవన్నీ పనిముట్లు. ప్రతి పనిముట్టుకూ వస్తువుల మీద చేసే పని ఒకటి ఉంది. ప్రతిదీ పని చెయ్యగానే అంతరించిపోతుంది.

మా ఊళ్ళలో వెనకటికి వడ్లు కూలిగా కొలిచే రోజుల్లో వడ్లకు ఇలాంటి గుణమే ఉండేది. కొలిస్తే కూలి, దంచి వండితే అన్నం, చల్లితే పంట. గాదెలో ఉన్నంతసేపూ డబ్బే. కానీ రోజూ ఎవరో ఒకరు వండుకుంటూనే ఉంటారు కాబట్టి ఊళ్ళో వడ్లు మితిమీరి పేరుకోవు, విలువా పూర్తిగా పడిపోదు. కేయాస్ ఆర్బ్ అచ్చంగా ఈ తీరు డబ్బు. దాన్ని ఇంకొకరికి ఇస్తే డబ్బు, వాడుకుంటే పనిముట్టు. వాడుకున్నవారి చేతిలో అది అక్కడికక్కడే హరించుకుపోతుంది. డయాబ్లో 2 తయారీదారులు తరవాత అతికించిన గట్టును వీళ్ళు పునాదిలోనే కట్టారు.

ఇప్పుడు ఆ పని ఏమిటో దగ్గరగా చూద్దాం. పనితనమంతా అక్కడే ఉంది.

ఈ ఆటలో మామూలు వస్తువు పేరు తెల్లగా ఉంటుంది, దానికి అదనపు గుణాలు ఉండవు. మ్యాజిక్ వస్తువు పేరు నీలం, గుణాలు ఒకటో రెండో. రేర్ వస్తువు పేరు పసుపు, గుణాలు 6 దాకా ఉండొచ్చు. పేరుకు ముందు చేరేవి 3, వెనక చేరేవి 3. ఒక్కో గుణానికి మళ్ళీ మెట్లున్నాయి. బూట్లనే తీసుకోండి. నడక వేగం 10 శాతం పెంచే గుణం అందరికీ దొరుకుతుంది. 30 శాతం పెంచేది అరుదు. 35 శాతం రావాలంటే ఆ బూట్ల స్థాయి కనీసం 86 ఉండాలి. దాంతోపాటు ప్రాణశక్తి కావాలి, నిప్పు, మంచు, మెరుపు దెబ్బలకు నిరోధం కావాలి. నిరోధం పరిమితి 75 శాతం. కానీ కథ అయిదో అంకం దాటగానే ఆట 30 శాతం కోసేస్తుంది, పదో అంకం దాటాక ఇంకో 30. అంటే కథ పూర్తి చేసిన ప్రతి ఆటగాడూ 60 శాతం లోటుతో బయటపడి నిరోధం కోసం వెతుక్కుంటాడు. వేగం, ప్రాణశక్తి, రెండు రకాల నిరోధాలు ఒకేచోట ఉన్న బూట్లంటే అందరికీ ఆశే.

మీ దగ్గర మంచి స్థాయి ఉన్న, గుణాలు పేలవంగా ఉన్న పసుపు బూట్లు ఉన్నాయి. కేయాస్ ఆర్బ్ మీద కుడి మీట నొక్కి, బూట్ల మీద ఎడమ మీట నొక్కుతారు. పాత గుణాలు ఒక్క క్షణంలో పోతాయి. కొత్తవి కనీసం 4 వస్తాయి, ఎక్కువలో ఎక్కువ 6. ఎక్కువసార్లు నాలుగుతోనే సరిపెట్టుకోవాలి. గిరగిరా తిరిగే చక్రం ఉండదు, ఊపిరి బిగబట్టించే వాయిద్యాలు ఉండవు. ఫలితం వెంటనే కళ్ళముందు ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి తిప్పుకునే వీల్లేదు. నేను ఈ క్లుప్తతను బాగా మెచ్చుకుంటాను. జూదశాలల్లో యంత్రాలు ఆటగాణ్ణి ఊరించడానికి చేసే హంగామా ఏదీ ఇక్కడ లేదు. ఒక దెబ్బ వేస్తే ఇనుము ఎలా వంగిందో కమ్మరికి వెంటనే తెలిసినట్టు, మనకూ వెంటనే తెలుస్తుంది.

షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఉంచితే ఆర్బ్ కర్సర్‌కు అంటుకునే ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్ని ఆర్బులు వరసగా ఖర్చవుతాయి. చేయి వేగం పెరిగేకొద్దీ కన్ను వెనకబడుతుంది. కోరుకున్న బూట్లు తెరమీదికి వచ్చి, చూసేలోపే ఇంకో నొక్కుతో చెరిగిపోవడం ఈ ఆట ఆడేవాళ్ళకు బాగా తెలిసిన దుఃఖం. తయారీదారులు తలుచుకుంటే "నిజంగానే చెరిపెయ్యమంటారా?" అని ప్రతిసారీ అడిగించగలరు. అడిగించలేదు. చెయ్యి ఆపుకోవడం ఆడేవారి బాధ్యతగా వదిలేశారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీరు కోరుకున్న కలయిక 300 సార్లకు ఒకసారి వచ్చేదనుకోండి. అయితే సగటు ఖర్చు 300 కేయాస్. కానీ 300 కేయాస్ ఖర్చుపెట్టిన 100 మందిని నిలబెడితే అందులో ఇంచుమించు 63 మందికే ఆ బూట్లు దక్కుతాయి. మిగిలిన 37 మందీ ఉత్త చేతులతో ఉంటారు. 301వ ఆర్బుకు వెనకటి 300 సంగతి గుర్తుండదు, జాలి కూడా ఉండదు. అదే సమయంలో సంతలో అలాంటి బూట్లు 120 కేయాస్‌కు దొరుకుతుంటే వివేకం ఉన్నవారు కొనుక్కుంటారు. 400 పలుకుతుంటే సొంతంగా ప్రయత్నించడమే మేలంటారు. వేలమంది ఇలా రోజూ లెక్క వేసుకుంటున్నారు కాబట్టే బూట్ల ధరకు ఒక పైకప్పు, ఆర్బు విలువకు ఒక నేల ఏర్పడతాయి. ఈ రెంటినీ తయారీదారులు నిర్ణయించలేదు. ఒక పనిముట్టుకు కచ్చితమైన నియమం ఇచ్చి పక్కకు తప్పుకున్నారు.

నిజం చెప్పాలంటే ఆరితేరినవాళ్ళు మంచి ఆయుధం కోసం కేయాస్ ఒక్కదాన్నే నమ్ముకోరు. 2016లో ఎసెన్సులు వచ్చాయి. వాటితో ఒక గుణాన్ని కచ్చితంగా రప్పించుకోవచ్చు. 2018లో వచ్చిన ఫాసిళ్ళతో అక్కర్లేని గుణాలను పక్కకు నెట్టవచ్చు. ఇలా కొత్త పనిముట్లు వచ్చేకొద్దీ ఆయుధాల మీద కేయాస్ వాడకం తగ్గింది. పనిపోతే దాని విలువ కూడా పోవాలి కదా? పోలేదు. ఎందుకంటే దానికి ఇంకో పెద్ద వాడకం ఉంది. కథ పూర్తయ్యాక ఆటగాళ్ళు తిరిగేది మ్యాపుల్లో. ఈ ఆటలో మ్యాప్ కూడా కత్తిలాగే ఒక వస్తువు. దానికీ తెలుపు, నీలం, పసుపు రంగులున్నాయి, గుణాలున్నాయి. గుణాలు కఠినమయ్యేకొద్దీ దొరికే సొమ్ము పెరుగుతుంది. కానీ "ఈ మ్యాపులో ఆటగాళ్ళ ప్రాణశక్తి దానంతటది పుంజుకోదు" అనే గుణం పడిందనుకోండి, ప్రాణశక్తి పుంజుకోవడం మీదే ఆధారపడ్డ పాత్ర అందులో అడుగుపెడితే చావే. అప్పుడు ఒక కేయాస్ వేసి ఆ మ్యాపు గుణాలను మార్చుకుంటారు. ఆట రోజూ ఆడేవాళ్ళు రోజూ మ్యాపులు తెరుస్తారు, రోజూ కేయాస్ కరిగిస్తారు. ఎవరో ఒక ధనికుడు బూట్ల మీద కరిగించే వందల కన్నా, అందరూ ఒక్కొక్కటిగా మ్యాపుల మీద కరిగించేవే ఈ డబ్బును నిలబెట్టాయని నా నమ్మకం.

మరి అన్ని ఆర్బులూ వాడితే మాయమయ్యేవే అయినప్పుడు కేయాసే ఎందుకు కొలమానమైంది? కింది మెట్టులో ఉన్న ఆల్టరేషన్ ఆర్బ్ నీలి వస్తువుల గుణాలను మారుస్తుంది. మరీ విరివిగా దొరుకుతుంది. దానితో ఖరీదైన వస్తువు కొనాలంటే సంచులకు సంచులు మొయ్యాలి. పై మెట్టులో ఉన్న ఎగ్జాల్టెడ్ ఆర్బ్ ఖాళీ ఉన్న పసుపు వస్తువుకు ఇంకో గుణం చేరుస్తుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో అది ఎంత అరుదంటే సాధారణ ఆటగాడు వారాల తరబడి ఆడినా చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగినన్నే దొరికేవి. అన్నిటికన్నా పైన మిర్రర్ ఆఫ్ కలాండ్రా ఉంది. వస్తువుకు నకలు తీస్తుంది, ఆ నకలును మళ్ళీ ఎవరూ మార్చలేరు. ఏళ్ళుగా ఆడుతున్నా దాన్ని కళ్ళారా చూడనివాళ్ళే ఎక్కువ. కేయాస్ వీటి నడుమ ఉంది. కొత్తవారికి కూడా దొరుకుతుంది, దొరికినప్పుడు సంతోషం కలుగుతుంది. విచ్చలవిడిగా పారెయ్యడానికి మనసు రాదు. అలాగని గూడు కట్టి దాచుకునేంత అపురూపమూ కాదు. ఆ నడిమి తూకం కుదిర్చినవాళ్ళకు ఏ వస్తువు ఎంత తరచుగా రాలాలో చాలా బాగా తెలుసు.

ఆర్బు విలువ దాని వాడకం నుంచే వస్తుందనడానికి 2022 ఆగస్టును మించిన రుజువు లేదు. అప్పటిదాకా పెద్ద బేరాలకు ఎగ్జాల్టెడ్ ఆర్బే ప్రమాణం. దాని విలువలో ఎక్కువ భాగం అది నేరుగా చేసే పని నుంచి రాలేదు. వస్తువులను మలుచుకునే క్రాఫ్టింగ్ బెంచ్ మీద కొన్ని గుణాలను చెక్కుచెదరకుండా కాపాడుకునే పనులకు రుసుము ఎగ్జాల్టెడ్ ఆర్బుల్లోనే కట్టాల్సి వచ్చేది. 'లేక్ ఆఫ్ కలాండ్రా' పేరుతో వచ్చిన 3.19 మార్పులో ఆ రుసుమును డివైన్ ఆర్బులకు మార్చారు. డివైన్ ఆర్బ్ ఉన్న గుణాల అంకెలను మాత్రమే హెచ్చుతగ్గులు చేస్తుంది. ఆ మార్పు రావడంతోనే ఎగ్జాల్టెడ్ ధర పడిపోయింది, డివైన్ పెద్ద నోటు అయి కూర్చుంది. బెంచ్ మీద రుసుము పట్టీ మారితే కొన్నేళ్ళుగా సింహాసనం మీదున్న డబ్బు దిగిపోయింది. చిన్న నోటుగా ఉన్న కేయాస్ మాత్రం తన చోటు నుంచి కదల్లేదు. దాని ఆధారం రుసుము పట్టీల్లో లేదు, మ్యాపు తెరిచే ప్రతి ఆటగాడి అవసరంలో ఉంది.

పుట్టుక గురించి కూడా చెప్పుకోవాలి. రాక్షసుల దగ్గర రాలడమే కాక, కేయాస్‌ను శ్రమతో సంపాదించే మార్గం ఒకటి ఆటగాళ్ళకు ఏళ్ళుగా అండగా నిలిచింది. 60 నుంచి 74 మధ్య స్థాయి ఉన్న పసుపు వస్తువులతో పూర్తి వేషం కూర్చాలి: ఆయుధం, శిరస్త్రాణం, కవచం, చేతి తొడుగులు, బూట్లు, నడికట్టు, కంఠహారం, రెండు ఉంగరాలు. అన్నీ కలిపి దుకాణదారు ముందు పెడితే 1 కేయాస్ ఇస్తాడు. ఆ వస్తువుల్లో ఏ ఒక్కదాని గుణాలనూ తెరిచి చూడకుండా అలాగే ఇచ్చేస్తే 2 ఇస్తాడు.

ఈ రెండో షరతు నాకు ఈ ఆటలోకెల్లా నచ్చిన ముక్క. దొరికిన వస్తువును గుర్తింపు చుట్టతో తెరిస్తే తప్ప అందులో ఏమున్నదో తెలియదు. తెరవని ఉంగరంలో అదృష్టం ఉండొచ్చు, చెత్త ఉండొచ్చు. "చూడకుండా ఇచ్చెయ్, రెండింతలు ఇస్తాను" అని దుకాణదారు అంటున్నాడు. ఆశను అమ్ముకుని నిలకడైన ఆదాయం తీసుకోవాలా, ఆశను నిలుపుకుని ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలా? రోజూ వందల వస్తువుల మీద ఆటగాడు ఈ నిర్ణయం తీసుకుంటాడు. ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. ధనం, అనుభవం లేని ఆటగాడికి మొదట్లో బతుకుతెరువు దొరుకుతుంది. వస్తువుల విలువ కట్టడం రాకపోయినా, సంత పోకడ తెలియకపోయినా, ఏరుకుని వరసపెట్టే ఓపిక ఉంటే చాలు. కాస్త విసుగు పుట్టించే పని అన్నది నిజం. ఉంగరాలు ఎప్పుడూ తక్కువపడతాయి, కవచాలు ఎప్పుడూ మిగిలిపోతాయి. అయినా ఆ విసుగును ఓర్చుకున్నవారికి ఫలితం తప్పకుండా దక్కడం ఎంతో న్యాయంగా అనిపిస్తుంది.

డబ్బు వచ్చే దారి, పోయే దారి ఎంత బాగా కట్టినా ఏళ్ళు గడిస్తే పేరుకోక తప్పదు. దానికి లీగుల పద్ధతి జవాబు. మూడు నాలుగు నెలలకొకసారి కొత్త లీగ్ మొదలవుతుంది. అందులో చేరేవారందరూ ఉత్త చేతులతో మొదలుపెట్టాల్సిందే. పాత సంపద పాత లోకంలోనే ఉండిపోతుంది. మొదటి రోజుల్లో ఒక్క కేయాస్‌తో కొన్నదాన్ని నెల తరవాత ఎవరూ అంత ధరకు అడగరు. లీగ్ సాగేకొద్దీ కేయాస్‌లు పెరుగుతాయి, డివైన్ ముందు వాటి మారకం రేటు దిగజారుతూ వస్తుంది. అంటే ద్రవ్యోల్బణం ఈ ఆటలోనూ ఉంది. దానికి ఆయువు మాత్రం కొన్ని నెలలే. 2019లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో క్రిస్ విల్సన్ ఈ ఆటను ఎన్నేళ్ళయినా ఆడగలిగేలా ఎలా మలిచారో వివరంగా చెప్పాడు. ఇలాంటి ఆటలు కట్టాలనుకునేవారు ఆ ప్రసంగం తప్పక వినాలి.

బేరం జరిగే తీరు గురించి నా అభిప్రాయం కొంత వేరు. ఆటలో వేలంపాట లేదు. 2025 దాకా వెతికే సైట్‌లో వస్తువు కనిపిస్తే అమ్మేవారికి సందేశం పంపాలి, వాళ్ళు పిలిస్తే వాళ్ళ స్థావరానికి వెళ్ళాలి, కిటికీ తెరిచి ఇటు కేయాస్ అటు వస్తువు పెట్టాల్సి వచ్చేది. చాలామంది పలికేవారు కాదు. ధర తప్పుగా పెట్టి జనాన్ని మోసగించేవాళ్ళూ ఉన్నారు. కొనడం మరీ తేలికైతే రాక్షసులను చంపి వెతుక్కునే సరదా చచ్చిపోతుందన్నది తయారీదారుల వాదన. 2012లో వచ్చిన 'డయాబ్లో 3' నిజమైన డబ్బుతో నడిచే వేలంపాట పెట్టి 2014 మార్చిలో మూసేసిన సంగతి చూస్తే ఆ వాదనలో బలముందని ఒప్పుకోవాలి. అయినా చిన్నపాటి ఆర్బుల మార్పిడికి కూడా అంత తిరుగుడు అనవసరమనే నేను అనుకున్నాను. ఆ బేరపు కిటికీలో ఒక్క ఏర్పాటు మాత్రం మెచ్చుకోదగింది. అవతలివారు పెట్టిన ప్రతి వస్తువు మీదికీ కర్సర్ తీసుకెళ్ళి చూస్తే గాని "సరే" అనడానికి వీలుండదు. చివరి క్షణంలో మంచి వస్తువు తీసి అలాంటిదే నాసిరకం పెట్టే మోసాన్ని ఆపడానికి ఇంతకంటే సులువైన తాళం ఉండదు.

2024 జులైలో 'సెట్లర్స్ ఆఫ్ కల్గూర్' లీగ్‌తో ఆటలోకి బంగారం వచ్చింది. పదకొండేళ్ళు నాణెం లేకుండా నడిచిన ఆటలో నాణెం అనగానే పాత ఆటగాళ్ళు ఉలిక్కిపడ్డారు. కానీ ఆ బంగారాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. సొంతంగా ఆడి సంపాదించుకోవాలి, సొంత ఖర్చులకే వాడుకోవాలి. అదే లీగ్‌లో ఫాస్టస్ అనే పాత్ర ఆర్బుల మారకపు దుకాణం తెరిచాడు. డివైన్ ఇచ్చి కేయాస్ తీసుకోవాలంటే ఇక ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు, కొంచెం బంగారం రుసుముగా కడితే చాలు. ఆడకుండా మారకాలే చేసుకుంటూ కూర్చునేవారికి ఆ రుసుము కళ్ళెం వేస్తుంది. నేను కోరుకున్న మార్పు ఇదే. ఆర్బుల డబ్బుతనం చెడకుండా దాన్ని తేవడం ఇంకా గొప్ప.

2024 డిసెంబర్ 6న ముందస్తు రూపంలో వచ్చిన పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2లో కేయాస్ ఆర్బు పని మారింది. గుణాలన్నీ చెరపదు. ఏదో ఒక గుణాన్ని తీసేసి దాని స్థానంలో ఇంకొకటి పెడుతుంది. ఎగ్జాల్టెడ్ విరివిగా రాలడం మొదలై రోజువారీ బేరాల కొలమానం అయింది. పేర్లు అవే, పనులు మారాయి, రాలే తరచుదనం మారింది, దాంతో విలువల వరసా మారింది. ఈ పద్ధతి ఒక్క వస్తువు అదృష్టం మీద ఆధారపడింది కాదని, ఎక్కడ పెట్టినా పనిచేస్తుందని ఆ రెండో ఆట తేల్చింది. మొదటి ఆటలోని కేయాసే ఎక్కువ అందంగా ఉందని మాత్రం నాకు అనిపిస్తుంది. అంతా చెరిపి కొత్తగా రాయడంలో ఉన్న తెగింపు, ఒక్కటి తీసి ఒక్కటి పెట్టడంలో లేదు.

ఇంకో విషయం చెప్పకపోతే ఈ పరిచయం పూర్తికాదు. మొదటి ఆట ఉచితం. సంస్థకు ఆదాయం వేషాల అలంకరణలు, సామాను దాచుకునే అదనపు పెట్టెల నుంచి వస్తుంది. ఆర్బులను సంస్థ అమ్మదు. బయట నిజమైన డబ్బుకు అమ్మేవాళ్ళు ఉన్నారు గాని అది నియమాలకు విరుద్ధం, పట్టుబడితే ఖాతా పోతుంది. కార్డు గీకితే నాణేల సంచులు వచ్చిపడే ఫోన్ ఆటలకు అలవాటుపడ్డ మన పిల్లలకు ఈ తేడా చూపించాలి. కష్టపడితేనే చేతికొచ్చే డబ్బున్న ఆటలు కూడా లాభాలతో నడుస్తాయని హైదరాబాద్‌లో ఆటలు తయారుచేస్తున్న మన యువతీయువకులూ గమనించాలి.

కొత్తగా ఆడాలనుకునేవారికి నాదొక మాట. లీగ్ మొదలైన రోజునే చేరండి, అందరూ ఉత్త చేతులతో ఉండే రోజు అదొక్కటే. మొదటి కేయాస్‌లను కత్తి మీదా బూట్ల మీదా కరిగించకండి. వాటితో నడక వేగమూ నిరోధమూ ఉన్న బూట్లు కొనుక్కోండి. తరవాత దొరికేవాటిలో కొన్ని మ్యాపుల కోసం పక్కన పెట్టుకోండి. షిఫ్ట్ మీట నొక్కిపట్టినప్పుడు మాత్రం ప్రతి నొక్కుకూ ముందు తెర వంక ఒకసారి చూడండి.